పొట్లం మీద రాయని పేరు

(మన విశ్రాంత ఉద్యోగుల సంఘం జిల్లా వార్షిక సమావేశంలో, వ్యవసాయ శాఖలో పనిచేసి పదవీ విరమణ చేసిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం. ప్రత్యేక సంచిక కోసం వారే రాసి ఇచ్చారు.)



కార్యదర్శి గారు నాకిచ్చిన చీటీలో ఇలా ఉంది: "జీవవైవిధ్యం, వాతావరణ మార్పు, కంపెనీల బాధ్యత – అంతర్జాతీయ పరిశోధనా సహకారం." ఆ చీటీ చూసి మా ఇంటావిడ, "ఇంత పెద్ద విషయం మీకెందుకండీ, డి.ఎ. బకాయిల గురించి మాట్లాడితే అందరూ వింటారు కదా" అన్నది. ఆమె మాటలో నిజముంది. అయినా ముప్పై ఏళ్ళకు పైగా ఈ జిల్లా చేలగట్ల మీద తిరిగినవాణ్ణి. ఆ చీటీలోని పెద్ద పెద్ద మాటలన్నీ మన బుడ్డల చేనులోనే ఉన్నాయని మీకు మనవి చేయడానికి ఒప్పుకున్నాను. దానితోపాటు నేను చేసిన ఒక తప్పు కూడా మీ ముందు చెప్పుకోవాలి. ఆ తప్పుతోనే మొదలుపెడతాను.

ఒక అవ్వ, ఒక పొట్లం

నేను ఉద్యోగంలో చేరిన నాలుగైదేళ్ళకు, అంటే 1980ల మొదట్లో, పాత రకాల విత్తనాలు సేకరించే ఒక బృందానికి తోడుగా నన్ను పంపించారు. కల్యాణదుర్గం వైపు పల్లెలు తిరిగాం. ఒక ఇంట్లో పొయ్యి పైన పొగ తగిలేటట్టు జొన్న కంకులు వేలాడదీసి ఉన్నాయి. పొగకు పురుగు పట్టదని మన పెద్దల పద్ధతి. ఆ ఇంటి అవ్వ ఒక కంకి దించి, చేటలో నలిపి, దోసెడు గింజలు నా చేతిలో పోసింది.

"యాడికి తీసకపోతారు నాయనా దీన్ని?" అని అడిగింది.

"పెద్ద సంస్థలో భద్రం చేస్తారవ్వా. నూరేళ్ళయినా చెడిపోదు" అన్నాను.

"మల్లా మాకు కావల్లంటే ఇస్తారా?"

"ఎందుకివ్వరవ్వా, మీదే కదా" అన్నాను.

గింజలు కాగితం పొట్లంలో పోసి, పైన రాశాను: "జొన్న, స్థానికం, అనంతపురం జిల్లా." ఊరి పేరు రాయలేదు. అవ్వ పేరు అడగనే లేదు. ఆ రకాన్ని వాళ్ళు ఏమని పిలుస్తారో, ఎప్పుడు విత్తుతారో, ఎందుకు అట్టిపెట్టుకున్నారో ఏదీ రాయలేదు. అప్పటికి మధ్యాహ్నం రెండయింది. ఇంకా మూడు పల్లెలు తిరగాలి. డ్రైవరుకు భోజనం కాలేదు, నాకూ కాలేదు. అదీ కారణం. ఇంతకన్నా గొప్ప కారణం ఉంటే చెప్పేవాణ్ణి.

ఇరవై ఏళ్ళు దాటాక ఒక రోజు ఆఫీసులో ఫైలు చూసుకుంటుంటే ఒక యువకుడు వచ్చాడు. "సార్, మా అవ్వ మీకు జొన్న ఇచ్చిందంట. పూతకు ముందు ఇరవై దినాలు వాన లేకపోయినా నిలబడే జొన్న. మా కాడ లేదు ఇప్పుడు. బుడ్డల్లో పడి వదిలేసినాం. ఆ విత్తనం ఇప్పిస్తారా?" అన్నాడు. అవ్వ అప్పటికే పోయింది. పోయేముందు నా సంగతి ఎవరితోనో చెప్పిందట.

నేను విత్తన భాండారం వారికి ఉత్తరం రాశాను. వారు ఎంతో మర్యాదగా బదులిచ్చారు. మీ జిల్లా జొన్నలు మా దగ్గర చాలా ఉన్నాయి, అందులో మీకు కావలసినది ఏ ఊరిది, ఏ సంవత్సరానిది, ఏ నంబరుది అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు. గింజ పోలేదు, అక్కడే ఎక్కడో చల్లటి గదిలో ఉంది. దాని చిరునామా మాత్రం పోయింది. పోగొట్టినవాణ్ణి నేనే.

ఈ సంగతి మనసులో పెట్టుకుని మిగతాది వినవలసిందిగా ప్రార్థన.

బొలీవియా నుంచి బుడ్డల చేను దాకా

మన జిల్లా అంటే వేరుశనగ. ఒకప్పుడు ఉమ్మడి అనంతపురం జిల్లాలో 7 లక్షల హెక్టార్లకు పైగా వేసేవారు. సాలుకు 550 మిల్లీమీటర్ల వాన కురిసే చోట ఇన్ని లక్షల హెక్టార్లలో ఒకే పంట! చాలా కాలం అందులో ఎక్కువ భాగం ఒకే రకం, తిండివనం నుంచి 1940లో వచ్చిన టి.ఎం.వి.-2.

ఈ వేరుశనగ మన పంట కాదు. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. బొలీవియా, బ్రెజిల్, అర్జెంటీనా, పరాగ్వే దేశాల్లో దాని అడవి చుట్టాలు నేటికీ ఉన్నాయి. వాటికి కాయలు చిన్నవి, తినడానికి పనికిరావు. కానీ మన చేలల్లో ఆకులన్నీ రాల్చే తిక్క ఆకుమచ్చ తెగులునూ, తుప్పు తెగులునూ అవి లెక్కచేయవు.

1950ల చివరలో ముగ్గురు శాస్త్రవేత్తలు – అమెరికా నుంచి గ్రెగరీ, అర్జెంటీనా నుంచి క్రాపోవికాస్, పియెత్రరెల్లి – బొలీవియాలో తిరుగుతూ ఒక అడవి వేరుశనగను సేకరించారు. దాని జాతి పేరు అరాకిస్ కార్డెనాసి. పొట్లం మీద తమ పేర్ల మొదటి అక్షరాలూ, ఒక నంబరూ రాశారు: జి.కె.పి. 10017. ఎక్కడ దొరికిందో కూడా రాసుకున్నారు.

1960లలో అమెరికాలోని నార్త్ కరోలినాలో దాన్ని సాగు వేరుశనగతో సంకరం చేశారు. ఇది అంత సులువు కాదు. సాగు వేరుశనగకు క్రోమోజోములు 40, అడవి దానికి 20. పుట్టిన మొక్కకు 30 ఉంటాయి, అది గొడ్డుది, కాయ పట్టదు. మందుతో ఆ క్రోమోజోములను రెట్టింపు చేసి, తరాల తరబడి పెంచి, మళ్ళీ 40కి తెచ్చుకున్నారు. ఆ సంతతి విత్తనాలను అడిగినవారికల్లా పంపించారు. అప్పట్లో శాస్త్రవేత్తల మధ్య ఒక ఉత్తరం చాలు, కవరులో గింజలు వచ్చేవి.

అలా కొన్ని మన పటాన్‌చెరుకు వచ్చాయి. 1972లో అక్కడ ఇక్రిశాట్ నెలకొన్నది మీ అందరికీ తెలుసు. దాని ద్వారా ఆ గుణం ధార్వాడ వ్యవసాయ విశ్వవిద్యాలయానికి చేరింది. అక్కడ జి.పి.బి.డి.-4 అనే రకం తయారయింది, ఆకుమచ్చకూ తుప్పుకూ తట్టుకునేది. తరువాత ఆ తుప్పు నిరోధక గుణాన్ని డి.ఎన్.ఎ. గుర్తుల సాయంతో జె.ఎల్.-24, టి.ఎ.జి.-24, మన రైతులు ఎరిగిన ఐ.సి.జి.వి. 91114 రకాల్లోకి కూడా ఎక్కించారు.

ఇంతకీ అసలు సంగతి చెబుతాను. 2021లో అనేక దేశాల శాస్త్రవేత్తలు కలిసి ఒక లెక్క తీశారు. ఆ ఒక్క బొలీవియా మొక్క రక్తం ప్రపంచంలో ఎక్కడెక్కడికి పోయిందని డి.ఎన్.ఎ. చూసి, పాత రికార్డులు తిరగేసి వెతికారు. 30 దేశాల్లో, 251 రకాల్లోనూ ప్రజనన వంగడాల్లోనూ అది కనిపించింది. ఆసియా, ఆఫ్రికా, ఆస్ట్రేలియా, అమెరికాలు – అన్ని చోట్లా. మందు పిచికారీ ఖర్చు తగ్గిన రైతులు ఎన్ని లక్షల మందో! వారిలో ఎవరికీ బొలీవియా పేరు తెలియదు. బొలీవియాకూ తానిచ్చింది ఏమయిందో చాలా కాలం తెలియదు.

మిత్రులారా, అరవై ఏళ్ళ తరువాత ఆ లెక్క ఎలా తీయగలిగారు? పొట్లం మీద జి.కె.పి. 10017 అని ఉంది కాబట్టి. నా పొట్లం మీద "స్థానికం" అని ఉంది.

2000 ఖరీఫ్

అంతర్జాతీయ సహకారం అంటే విదేశీ ప్రయాణాలు, మహాసభలు అని మనలో చాలామందికి ఒక చులకన భావం ఉంది. నాకూ ఉండేది. 2000 ఖరీఫ్‌లో అది పోయింది.

ఆ ఏడు మన జిల్లాలో వేరుశనగ పొలాలు చూస్తుండగానే మాడిపోయాయి. ఆకుల మీద మచ్చలు, కాడ నల్లబడటం, మొవ్వు ఎండటం, మొక్క చావడం. దాదాపు 2,25,000 హెక్టార్లలో దెబ్బతిన్నది. నష్టం 300 కోట్ల రూపాయలు దాటిందని అంచనా. రైతులు పీకిన మొక్కలు తెచ్చి మా బల్లల మీద పడేసేవారు. మేము మొవ్వుకుళ్ళు తెగులు అనుకున్నాం. పాత సలహాలే చెప్పాం. అవి పనిచేయలేదు.

పటాన్‌చెరు నుంచి వైరస్ శాస్త్రజ్ఞులు వచ్చారు. పరీక్షించి, ఇది మొవ్వుకుళ్ళు కాదు, పొగాకు చారల వైరస్ అని తేల్చారు. ఆ వైరస్‌ను అమెరికాలో 1936లోనే పొగాకు మీద వర్ణించి ఉంచారు. దానిని గుర్తుపట్టే పరీక్షలు ఇతర దేశాల ప్రయోగశాలల్లో తయారై ఉన్నాయి. కాబట్టే మన తెగులు పేరు త్వరగా తెలిసింది.

అది ఎలా వస్తుందో కూడా కనిపెట్టారు. గట్ల మీద, బీళ్ళలో పెరిగే వయ్యారిభామ మొక్క వైరస్‌ను లోపల దాచుకుంటుంది, పైకి ఏ జబ్బూ కనిపించదు. దాని పుప్పొడి గాలికి వేరుశనగ ఆకుల మీద పడుతుంది. తామర పురుగులు ఆ ఆకును గీకినప్పుడు పుప్పొడిలోని వైరస్ లోపలికి పోతుంది. ఆ వయ్యారిభామ కూడా అమెరికా ఖండం నుంచి వచ్చిందే. తెగులూ అక్కడిదే, దాన్ని మోసే కలుపూ అక్కడిదే, పంటా అక్కడిదే. ఒక దేశం కూర్చుని తన సమస్యను తానే పరిష్కరించుకునే రోజులు పోయాయని అప్పుడు అర్థమయింది.

సలహా చాలా చవకైనది: పూత రాకముందే వయ్యారిభామ పీకండి, విత్తన శుద్ధి చేయండి, చేను చుట్టూ నాలుగు సాళ్ళు జొన్నో సజ్జో వేయండి. జొన్న గోడలా నిలబడి, గాలిలో వచ్చే పురుగునూ పుప్పొడినీ అడ్డుకుంటుంది. బుడ్డల కోసం మనం చేలోనుంచి వెళ్ళగొట్టిన జొన్నే మళ్ళీ బుడ్డలకు కావలి కాయడానికి రావలసివచ్చింది.

వాతావరణ మార్పు సంగతి కూడా ఇక్కడే రెండు మాటల్లో చెబుతాను. వేరుశనగ పూత సమయంలో ఎండ 35 డిగ్రీలు దాటితే పుప్పొడి దెబ్బతిని ఊడలు తగ్గుతాయి. కాయ ఊరే వేళ బెట్ట వస్తే బూజు పట్టి అఫ్లాటాక్సిన్ అనే విషం చేరుతుంది. ఎండలు పెరిగి, వానలు ఎడం పెడుతున్న ఈ రోజుల్లో తట్టుకునే గుణం కోసం శాస్త్రవేత్తలు పాత విత్తనాల వైపే చూస్తున్నారు. పటాన్‌చెరు భాండారంలో జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుశనగ, చిరుధాన్యాల నమూనాలు 1,20,000కు మించి ఉన్నాయి. వాటి నకళ్ళు నార్వేలోని స్వాల్‌బార్డ్ మంచుకొండ భాండారంలోనూ ఉన్నాయి. ఆ భాండారం 2008లో తెరిచారు. సిరియా యుద్ధంలో అలెప్పో దగ్గరి విత్తన కేంద్రం వదిలి రావలసినప్పుడు, 2015లో మొట్టమొదటిసారి అక్కడ దాచుకున్న గింజలు వెనక్కి తీసుకుని మొరాకో, లెబనాన్ దేశాల్లో మళ్ళీ విత్తుకున్నారు. మన పటాన్‌చెరు నుంచి కూడా ఇథియోపియా, కెన్యా, సోమాలియా వంటి దేశాలకు వారి విత్తనాలు తిరిగి వెళ్ళాయి. యుద్ధాల్లో, కరువుల్లో పోగొట్టుకున్నవారికి ఇంతకన్నా ఉపకారం ఏముంది!

ఇచ్చినవారెవరు, పుచ్చుకున్నవారెవరు

ఇక కంపెనీల బాధ్యత. ఇక్కడ కొంచెం జాగ్రత్తగా మాట్లాడాలి, ఎందుకంటే అన్నీ చెడ్డవీ కావు, అన్నీ మంచివీ కావు.

ఒకప్పుడు విత్తన సంపద మానవాళి ఉమ్మడి ఆస్తి అనేవారు. 1983లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ అలాగే ప్రకటించింది. వినడానికి ధర్మంగానే ఉంది. కానీ జరిగిందేమిటి? పేద దేశాల రైతు గింజ ఉమ్మడి ఆస్తి, దాని నుంచి కంపెనీ తయారుచేసిన గింజ సొంత ఆస్తి. ఒకరి ఇంట్లోది సత్రం భోజనం, మరొకరి ఇంట్లోది హోటలు భోజనం అన్నట్టుంది.

అందుకని 1992లో రియో నగరంలో జీవవైవిధ్య ఒడంబడిక వచ్చింది. ఏ దేశపు జీవసంపద మీద ఆ దేశానికే హక్కు, వాడుకునేవారు అనుమతి అడగాలి, లాభంలో పాలు పంచాలి అన్నారు. 2010లో నగోయా ఒప్పందం దానికి నియమాలు చేర్చింది. మన దేశం 2002లోనే జీవవైవిధ్య చట్టం చేసుకుంది.

అయితే ప్రతి గింజకూ అనుమతి అంటే పరిశోధన ఆగిపోతుంది కదా? ఆ ఇబ్బంది గమనించి 2001లో ఆహార పంటల కోసం వేరే ఒప్పందం చేశారు. వరి, గోధుమ, జొన్న, సజ్జ, కంది, శనగ వగైరా 64 పంటలను, పశుగ్రాసాలను ఒక ఉమ్మడి ఏర్పాటులో చేర్చారు. ఎవరైనా ఒకే నమూనా పత్రం మీద సంతకం చేసి విత్తనం తీసుకోవచ్చు. తయారుచేసిన రకాన్ని ఇతరులు పరిశోధనకు వాడకుండా కట్టడి చేస్తే, అమ్మకాల మీద సుమారు 0.77 శాతం ఉమ్మడి నిధికి కట్టాలి. ఆశ్చర్యమేమంటే ఆ జాబితాలో వేరుశనగ లేదు! ఇక్రిశాట్ వంటి అంతర్జాతీయ సంస్థల దగ్గర ఉన్న వేరుశనగను 2006లో వేరుగా కుదిరిన ఏర్పాటు కింద ఇస్తున్నారు. కొత్తగా అడవి జాతులు తెచ్చుకోవడం మాత్రం చాలా కష్టమైపోయింది.

ఇక్కడ రెండు పక్కలా న్యాయం ఉంది. "మేమిచ్చాం, మాకేమొచ్చింది?" అని బొలీవియా అడగడం న్యాయమే. "అప్పుడు తలుపులు మూసి ఉంటే ముప్పై దేశాల రైతులకు ఈ మేలు జరిగేదా?" అని శాస్త్రవేత్తలు అడగడమూ న్యాయమే. అనంతపురం రైతు పక్షాన నిలబడి చెబితే, మనం ఇచ్చిన వాళ్ళమూ, పుచ్చుకున్న వాళ్ళమూ కూడా. కంది ఇచ్చాం, వేరుశనగ, మిరప పుచ్చుకున్నాం. కాబట్టి తలుపులు మూయమని మనం అనకూడదు. తలుపు దగ్గర ఒక రిజిస్టరు పెట్టమని అనాలి.

ఆ రిజిస్టరులో బాకీ తీర్చే విషయంలో కంపెనీలు వెనకబడ్డాయనేది దాచలేని మాట. పైన చెప్పిన నిధిలో ఎక్కువ భాగం ప్రభుత్వాలు ఇచ్చిన విరాళాలే, విత్తన కంపెనీల వాటా బహు స్వల్పం. మంచి ఉదాహరణ కూడా చెప్పాలి. వేరుశనగ జన్యుపటం తయారీకి అమెరికాలోని వేరుశనగ పరిశ్రమ వారు విశ్వవిద్యాలయాలతో కలిసి డబ్బు పెట్టారు. ఇక్రిశాట్ వారూ అందులో పాలుపంచుకున్నారు. 2014లో ఆ అడవి పూర్వజాతుల పటాన్ని ఎవరైనా చూసుకునేటట్టు బయటపెట్టారు. పేటెంటు పెట్టి దాచుకోలేదు. బాధ్యత అంటే అదీ.

ఇప్పుడు ఇంకొక చిక్కు వచ్చింది. గింజ పంపించనక్కరలేదు. దాని డి.ఎన్.ఎ. అక్షరాలు కంప్యూటరులో పంపితే చాలు. మన ఆఫీసు భాషలో చెప్పాలంటే, అసలు కాగితం బీరువాలో తాళం వేసి ఉంది, జిరాక్సు కాపీ దేశమంతా తిరుగుతోంది. దీనికోసం 2024లో కొలంబియాలోని కాలీ నగరంలో దేశాలన్నీ సమావేశమై ఒక నిధికి రూపమిచ్చాయి, 2025 ఫిబ్రవరిలో దాన్ని ప్రారంభించారు. ఆ సమాచారం వాడుకుని లాభపడే పెద్ద కంపెనీలు లాభంలో 1 శాతం గానీ, రాబడిలో 0.1 శాతం గానీ ఇవ్వాలని సూచించారు. అందులో కనీసం సగం ఆదివాసులకు, స్థానిక సమాజాలకు చేరాలన్నారు. కానీ అది సూచనే, నిర్బంధం కాదు. జీతంలో నుంచి ముందే కోసుకున్న ఆదాయపు పన్నుకూ, హుండీలో వేసే కానుకకూ ఉన్న తేడా మీకు నేను చెప్పాలా?

రాసి ఉంటేనే లెక్క

మనం జీవితమంతా ఆఫీసుల్లో గడిపినవాళ్ళం. ఫైల్లో లేనిది ప్రభుత్వం దృష్టిలో జరగనే లేదు. అంతర్జాతీయ వ్యవహారాల్లోనూ అంతే.

పసుపు కథ గుర్తుండే ఉంటుంది. పసుపుతో గాయాలు మానతాయని 1995లో అమెరికాలో పేటెంటు ఇచ్చారు. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధనా మండలి సవాలు చేసింది, 1997లో అది రద్దయింది. మన ఇళ్ళలో ప్రతి అమ్మమ్మకూ తెలుసు అన్నందుకు రద్దు కాలేదు. పాత గ్రంథాలూ, 1953లో వైద్య పత్రికలో అచ్చయిన వ్యాసమూ చూపించినందుకు రద్దయింది.

ఇంకొకటి, మనకు దగ్గరలోనిది. అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా అమరచింత నుంచి సేకరించిన 2,000 కిలోల వేపాకును ఒక హైదరాబాదు సంస్థ జపానుకు ఎగుమతి చేసింది. చట్టం ప్రకారం జాతీయ జీవవైవిధ్య సంస్థకు 55 వేల రూపాయల చిల్లర కట్టింది. అందులో సగం ఆ గ్రామ జీవవైవిధ్య యాజమాన్య కమిటీకి వచ్చింది, వేప మొక్కలు నాటడానికీ, జనానికి తెలియజెప్పడానికీ. మొత్తం చిన్నదే. మనలో ఒకరి గ్రాట్యుటీలో పదో వంతు కూడా కాదు. కానీ ఎగుమతిదారు సొమ్ము కట్టాడు, సొమ్ము ఊరికి చేరింది. ఎందుకు చేరింది? ఆకు ఏ ఊరిదో కాగితం మీద ఉంది, తీసుకోవడానికి ఒక కమిటీ ఉంది.

2002 చట్టం ప్రకారం ప్రతి పంచాయతీలో, పురపాలక సంఘంలో అలాంటి కమిటీ ఉండాలి. ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు రాయాలి. ఏ విత్తనం, ఏ చెట్టు, ఏ చేప, ఏ వైద్యం, ఎవరికి తెలుసు అన్నీ అందులో ఉండాలి. చాలాచోట్ల ఏళ్ళ తరబడి కదలిక లేదు. 2019లో జాతీయ హరిత ట్రిబ్యునల్ 2020 జనవరి నెలాఖరు గడువు పెట్టి, జరిమానా అంటే అప్పుడు పరుగులు పెట్టారు. గడువు ముందు పరుగెత్తి రాసిన కాగితం ఎలా ఉంటుందో మనకు తెలియదా? నేను చూసిన ఒక రిజిస్టరులో, ఊరి పేరు చెప్పను, చెరువే లేని ఊళ్ళో పదకొండు రకాల చేపలు ఉన్నాయి. పక్క ఊరి రిజిస్టరు తెచ్చి చూస్తే అవే పదకొండు. జొన్న దగ్గర ఒకటే మాట: "స్థానికం."

ఆ మాట చూసి నాకు నవ్వు రాలేదు.

మనం చేయగలిగింది

నా మనవి ఇంతే. మన సంఘంలో రెవెన్యూ వాళ్ళున్నారు, ఊరి సర్వే నంబర్లు నిద్రలో అడిగినా చెబుతారు. పశువైద్యులున్నారు. అటవీ శాఖ వాళ్ళున్నారు, ఉపాధ్యాయులున్నారు, నర్సమ్మలున్నారు. ఊరి పెద్దలను పలకరించడం, వాళ్ళు చెప్పింది తప్పు లేకుండా రాయడం మనకు చేతనైన పని. ప్రతి యూనిట్ ఒక్క పల్లెను తీసుకుని, పంచాయతీ కమిటీ అనుమతితో, నెలకు రెండు మధ్యాహ్నాలు కూర్చుంటే చాలు. ఉన్న రిజిస్టరును సరిదిద్దుదాం.

ఒక్కొక్క విత్తనానికి ఐదు సంగతులు రాయండి. ఇంటివాళ్ళు దాన్ని ఏమని పిలుస్తారు, ఎవరింట్లో ఉంది, ఎప్పుడు విత్తుతారు, ఏ కష్టానికి తట్టుకుంటుంది, ఏ తేదీన చూశాం. ఇంకొక జాగ్రత్త. వైద్యం రహస్యాలు చెప్పడానికి ఇష్టపడని వారిని బలవంతం చేయవద్దు. చెప్పినది బయటివారికి ఇవ్వాలా వద్దా అనేది కమిటీ ఇష్టం, మన ఇష్టం కాదు. విత్తనం అడుగుతూ ఏ కంపెనీవారైనా, ఏ సంస్థవారైనా వస్తే మర్యాదగా కూర్చోబెట్టి, కమిటీ రిజిస్టరులో సంతకం పెట్టించండి. ఇవ్వవద్దని నేను అనను. ఇచ్చినట్టు రాసి ఉండాలి అంటున్నాను.

పెద్ద మహాసభల్లో ఒప్పందాలు చేసుకునేవాళ్ళు చేసుకుంటారు. కంపెనీలు కట్టవలసింది కట్టేలా చూడటం ప్రభుత్వాల పని. కానీ రేపు ఆ నిధులు నిజంగానే వస్తే, "మీ ఊరి వాటా ఇదిగో, మీరిచ్చినదేమిటో చూపండి" అంటే, చూపడానికి కాగితం ఉండాలి. ఆ కాగితం రాయడం జెనీవాలోనో రోములోనో జరగదు.

చివరగా, ఆ కుర్రవాడి సంగతి అడగాలని మీకు ఉంటుంది. భాండారం వారు మన జిల్లావే ఐదు జొన్నలు చిన్న చిన్న పొట్లాల్లో పంపించారు. ఐదింటినీ వాళ్ళ చేలో ఐదు సాళ్ళుగా వేశాడు. కంకి వచ్చాక వాళ్ళ మేనత్తను తీసుకొచ్చి చూపించాడు. ఆమె మూడో సాలు దగ్గర చాలాసేపు నిలబడి, "ఇదే మాదిరి ఉంది. గట్టిగా చెప్పలేను" అన్నది. ఇప్పటికీ నాకు తెలియదు అది అదేనో కాదో. అతను మాత్రం ఏటా ఆ మూడో సాలు జొన్నే కొంచెం వేస్తున్నాడు.

మొన్న వాళ్ళ ఊరి రిజిస్టరులో అది ఎక్కించాం. ఇచ్చినవారు అన్న గడిలో, అతన్ని అడిగి, అవ్వ పేరు నా చేత్తో రాశాను. నలభై ఏళ్ళు ఆలస్యమయింది. మన శాఖలో పని ఆలస్యం కావడం కొత్త కాదు గానీ, ఇంత ఆలస్యం ఎవరూ చేయకండి.

 భోజనాల వేళయింది. ఈసారి డ్రైవరును ముందు కూర్చోబెట్టండి.